ఇంగ్లిష్ మీడియం మాస్టర్స్‌తో పాటు యూనివర్సిటీలో జర్మన్ ఏ1: మొదటి సెమిస్టర్‌లోనే తీసుకోవాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అక్టోబర్‌లో జర్మనీలో మాస్టర్స్ మొదలవుతోంది, క్లాసులన్నీ ఇంగ్లిష్‌లోనే, అడ్మిషన్‌కి జర్మన్ అడగలేదు. యూనివర్సిటీ లాంగ్వేజ్ సెంటర్‌లో ఏ1 కోర్సు (భాషలో మొట్టమొదటి స్థాయి, దాని తర్వాత ఏ2, బి1, బి2 వస్తాయి) ఫీజు లేకుండా ఉంది. సీనియర్లేమో "మొదటి సెమిస్టర్‌లో సబ్జెక్టులతోనే ఊపిరాడదు, జర్మన్ తర్వాత చూసుకోవచ్చులే" అంటున్నారు. ఇంట్లోవాళ్లేమో "అక్కడ ఉంటే అదే వస్తుంది" అంటున్నారు. తీసుకోవాలా వద్దా, తీసుకుంటే వారానికి ఎంత టైమ్ పోతుంది, క్రెడిట్లు కలుస్తాయా అని అడిగావు.

తీసుకో. మొదటి సెమిస్టర్‌లోనే తీసుకో. అయితే ఏ1 పాసై అక్కడితో ఆపేసే ఉద్దేశం ఉంటే మాత్రం నేను ఇంత గట్టిగా చెప్పను. ఏ1తో నువ్వు బేకరీలో బ్రెడ్ కొనుక్కోగలవు, డాక్టర్ అపాయింట్‌మెంట్ అడగగలవు. ఉద్యోగం రాదు. ఆ కోర్సు విలువంతా దాని తర్వాత వచ్చే మెట్లలో ఉంది.

నేనూ ఇక్కడే మాస్టర్స్ చేస్తూ యూనివర్సిటీలోనే మొదటి అక్షరం నుంచి నేర్చుకున్నాను. తర్వాత ఒక లాంగ్వేజ్ సెంటర్‌లో ట్యూటర్‌గా పనిచేశాను. ఇప్పుడు ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు ఏ1, ఏ2 వాళ్లకి ప్రాక్టీస్ క్లాసులు చెబుతాను. ఏటా కొత్త బ్యాచ్‌లో మనవాళ్లు ఉంటారు, వాళ్లందరూ అడిగేది ఇంచుమించు నీ ప్రశ్నే. 2023-24లో జర్మనీలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 49 వేల పైచిలుకు. విదేశాల నుంచి వచ్చినవాళ్లలో మనదే పెద్ద గుంపు. కాబట్టి ఈ గొడవ నీ ఒక్కడిదే అనుకోకు.

ముందు లెక్క చూడు. యూనివర్సిటీలు ఏ1ని ఒక్క కోర్సులో పూర్తి చేయవు. చాలాచోట్ల ఏ1.1, ఏ1.2, ఏ2.1, ఏ2.2, బి1.1, బి1.2 అని ముక్కలు చేస్తాయి. బి1 చేతికి రావాలంటే ఆరు కోర్సులు అన్నమాట. నీకున్నవి నాలుగు సెమిస్టర్లు, అందులో చివరిది థీసిస్‌కి పోతుంది. సెమిస్టర్‌కొకటి చొప్పున వెళితే థీసిస్ మొదలయ్యేసరికి మూడే అవుతాయి. మిగతా మూడూ సెలవుల్లో పెట్టే ఇంటెన్సివ్ కోర్సుల్లో సర్దుకోవాలి. మొదటి వింటర్ సెమిస్టర్‌లో ఏ1.1, ఆ సెలవుల్లో మార్చిలో ఏ1.2, సమ్మర్ సెమిస్టర్‌లో ఏ2.1, సెప్టెంబర్‌లో ఏ2.2, మూడో సెమిస్టర్‌లో బి1.1, మళ్లీ మార్చిలో బి1.2. మధ్యలో పరీక్షలు, ల్యాబులు, ఇల్లు మారడాలు ఉంటాయి కాబట్టి ఇది ఇరుకైన లెక్కే. కానీ కుదురుతుంది, కుదిరినవాళ్లని చూశాను. ఇందులో మొదటిది వదిలేస్తే పోయేది ఒక్క కోర్సు కాదు. ఏ1.1 రాకుండా మార్చి ఇంటెన్సివ్‌లో ఏ1.2కి కూర్చోనివ్వరు. అక్కడే ఆరు నెలలు వెనకపడతావు. "తర్వాత చూసుకుందాం" అన్నవాళ్లలో చాలామంది థీసిస్ రాసేటప్పుడు ఉద్యోగాలకు అప్లై చేస్తూ, ప్రకటనల్లో "జర్మన్ బి2" అని చూసి కంగారుగా ప్రైవేటు క్లాసుల కోసం వెతుకుతారు. అక్కడ ఒక్కో స్థాయికి వందల యూరోలు కట్టాలి.

బి1 ఎందుకంటావా? చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల రెసిడెన్స్ పర్మిట్ ఇస్తారు. ఆ టైమ్‌లో జర్మన్ వచ్చినవాడికీ రానివాడికీ దొరికే ఉద్యోగాల సంఖ్యలో చాలా తేడా ఉంటుంది. బెర్లిన్ స్టార్టప్‌లు, కొన్ని పెద్ద ఐటీ కంపెనీలు వదిలేస్తే మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్, ఫార్మా అన్నిటికీ జర్మన్ అడుగుతారు. చిన్న ఊళ్లలో ఉండే మధ్యతరహా కంపెనీలైతే మరీను. ఆ తర్వాత శాశ్వత నివాసం సంగతి. బ్లూ కార్డ్ (డిగ్రీ ఉండి మంచి జీతం వచ్చే ఉద్యోగాలకి ఇచ్చే పర్మిట్) ఉన్నవాళ్లకి ఏ1 ఉంటే 27 నెలలకి, బి1 ఉంటే 21 నెలలకి అర్హత వస్తుంది. ఇక్కడి యూనివర్సిటీ డిగ్రీతో మామూలు స్కిల్డ్ వర్కర్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకి రెండేళ్లకే ఇస్తారు గానీ దానికి బి1 కావాలి. పౌరసత్వానికీ బి1 కావాల్సిందే. ఇవన్నీ ఇప్పుడే ఆలోచించాలా అంటే అక్కర్లేదు. ఆ బి1కి మొదటి ఇటుక మాత్రం అక్టోబర్‌లోనే పడాలి.

"అక్కడ ఉంటే అదే వస్తుంది" అన్న మాట సంగతి కూడా చెబుతాను. రాదు. నీ క్లాసులు ఇంగ్లిష్‌లో. ల్యాబ్‌లో ఇంగ్లిష్. ఫ్లాట్‌లో నలుగురూ తెలుగువాళ్లే. వంట దగ్గర, వాట్సాప్ గ్రూపులో, క్రికెట్ చూసేటప్పుడు తెలుగే. బయట కౌంటర్ దగ్గర నువ్వు తడబడగానే అవతలివాళ్లు మర్యాదకి ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. నాలుగైదేళ్లు ఇక్కడ ఉండి "డంకె" (థాంక్స్), "చూస్" (బై) తప్ప రానివాళ్లు ఎంతమందో ఉన్నారు, వాళ్లేం మొద్దులు కాదు. జర్మన్ మాట్లాడక తప్పని పరిస్థితి వాళ్లకి ఎప్పుడూ రాలేదు, అంతే. యూనివర్సిటీ క్లాసు వల్ల అసలు లాభం అదే. వారానికి రెండుసార్లు తొంభై నిమిషాలు పక్కన కూర్చున్న ఇటలీ అమ్మాయితోనో, వియత్నాం అబ్బాయితోనో విరిగిపోయిన జర్మన్‌లో మాట్లాడక తప్పదు. యాప్‌లో ఎన్ని స్ట్రీకులు పెట్టినా ఆ ఒత్తిడి రాదు.

ఇప్పుడు టైమ్ గురించి. కోర్సు వివరాల్లో "4 ఎస్‌డబ్ల్యూఎస్" అని ఉంటుంది. అంటే వారానికి 45 నిమిషాల పీరియడ్లు నాలుగు. మామూలుగా తొంభై నిమిషాల క్లాసులు రెండు. సెమిస్టర్‌లో పద్నాలుగు వారాలు అనుకుంటే 56 పీరియడ్లు, అంటే 42 గంటలు. పక్కనే ఈసీటీఎస్ (యూరప్ యూనివర్సిటీలు వాడే పద్ధతి) క్రెడిట్లు రాసి ఉంటాయి. జర్మనీలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. నీ కోర్సుకి 5 క్రెడిట్లు ఉంటే కాగితం మీద 125 నుంచి 150 గంటలు. క్లాసు 42 పోగా మిగతాదంతా ఇంట్లో నువ్వు చేయాలని వాళ్ల లెక్క. నిజాయితీగా చెప్పాలంటే అంత ఎవరూ చేయరు. వారానికి నాలుగైదు గంటలు ఇంట్లో కూర్చుంటే ఏ1.1లో మంచి మార్కులే వస్తాయి. కానీ ఆ నాలుగైదు గంటలూ ఆదివారం ఒకేసారి చేస్తే వృథా. రోజూ అరగంట, ట్రామ్‌లో వెళ్తూ ఇంకో పావుగంట పెడితేనే పదాలు నిలుస్తాయి.

క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయా అన్నది లాంగ్వేజ్ సెంటర్ చేతిలో ఉండదు, నీ ప్రోగ్రామ్ నిబంధనల్లో ఉంటుంది. దాన్ని "ప్ర్యూఫుంగ్స్‌ఓర్డ్నుంగ్" అంటారు, డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా పెడతారు. కొన్ని ప్రోగ్రాముల్లో భాషా కోర్సు ఎలక్టివ్‌గా కలుస్తుంది, కొన్నిటిలో అదనపు కోర్సుగా ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనిపిస్తుంది గానీ మొత్తంలో కలవదు. స్టడీ కోఆర్డినేటర్‌కి రెండు లైన్ల మెయిల్ పెడితే చెబుతారు. కలవకపోయినా తీసుకోమనే అంటాను. గ్రేడ్ సంగతి ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి పెట్టుకో. ఇక్కడ 1.0 అంటే బ్రహ్మాండం, 4.0 అంటే గట్టెక్కినట్టు, 5.0 అంటే ఫెయిల్. "నాన్నా, 1.3 వచ్చింది" అని ఫోన్‌లో చెబితే అటువైపు నిశ్శబ్దం వస్తుంది.

రిజిస్ట్రేషన్ దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. భాషా కోర్సుల రిజిస్ట్రేషన్ నీ మాస్టర్స్ రిజిస్ట్రేషన్‌తో కలిసి ఉండదు. దానికి వేరే తేదీ, తరచూ వేరే పోర్టల్. క్లాసులు మొదలవడానికి కాస్త ముందు తెరుస్తారు. ఏ1.1కి డిమాండ్ ఎక్కువ, సీట్లు చూస్తుండగానే అయిపోతాయి. తేదీ, గంట రాసిపెట్టుకుని ఆ టైమ్‌కి లాగిన్ అయి ఉండు. యూనివర్సిటీ యూజర్ ఐడీ రాకుండా పోర్టల్ తెరుచుకోదు కాబట్టి ఎన్‌రోల్‌మెంట్ కాగితాలు ఆలస్యం చేయకు. సీటు దొరక్కపోతే వెయిటింగ్ లిస్టులో పేరు పెట్టి మొదటి క్లాసుకి వెళ్లి కూర్చో. చాలాచోట్ల మొదటి క్లాసుకి చెప్పకుండా రానివాళ్ల సీటు తీసేస్తారు, అది వెయిటింగ్ లిస్టులో ఉండి అక్కడ కనిపించినవాళ్లకి దొరుకుతుంది. నీకు సీటు ఉంటే అదే కారణంగా ఆ మొదటి క్లాసు ఎట్టి పరిస్థితిలోనూ మానకు. టైమ్‌టేబుల్‌లో "10 సి.టి." అని ఉంటే 10:15కి, "10 ఎస్.టి." అని ఉంటే సరిగ్గా 10కి మొదలవుతుంది. హాజరు కూడా గట్టిగా చూస్తారు. కొన్ని క్లాసులకు మించి మానేస్తే పరీక్షకి కూర్చోనివ్వరు.

వీసా ఆలస్యమై నవంబర్‌లో దిగేవాళ్లకి ఈ దారి మూసుకుపోతుంది. అలా అయితే ఖాళీగా కూర్చోకు. డాయిచె వెలె (జర్మనీ ప్రసార సంస్థ) సైటులో ఏ1 నుంచి బి1 దాకా పాఠాలు ఉచితం. జర్మన్ వయోజన విద్యా కేంద్రాల ఆన్‌లైన్ పోర్టల్‌లో కూడా ఆ స్థాయిల కోర్సులు ఉచితంగా ఉన్నాయి. ఫిబ్రవరి దాకా ఏ1.1 నువ్వే చదువుకుని, ప్లేస్‌మెంట్ టెస్ట్ రాసి మార్చి ఇంటెన్సివ్‌లో ఏ1.2కి చేరొచ్చు. అసలు ఇప్పటి నుంచి అక్టోబర్ దాకా నీకున్న ఖాళీలోనే ఈ పని చేస్తే మరీ మంచిది. హైదరాబాద్‌లో ఉంటే జర్మన్ నేర్పే గోథె సెంట్రుమ్ ఉంది, ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) జర్మన్ విభాగం ఉంది. డబ్బు పెట్టలేకపోతే పై ఉచిత పాఠాలు చాలు. ఏ1.1 ముగించుకుని దిగితే ఇందాకటి ఇరుకు లెక్కలో ఒక కోర్సు మిగులుతుంది.

క్లాసు ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను, ఎందుకంటే మన ఇంగ్లిష్ గ్రామర్ క్లాసుల్లా ఊహించుకుని వచ్చి బెదిరిపోతారు. మొదటి నిమిషం నుంచి టీచర్ జర్మన్‌లోనే మాట్లాడుతుంది. తన పేరు చెప్పి, చేయి నీ వైపు చూపి "ఉన్ట్ జీ?" (మరి మీరు?) అంటుంది. నువ్వు "ఇష్ హైసె..." అని పేరు, "ఇష్ కొమె ఔస్ ఇండియెన్" అని దేశం చెప్పాలి. తర్వాత పేరు స్పెల్లింగ్. మనవాళ్ల మొదటి చిక్కు ఇక్కడే. ఇంగ్లిష్‌లో ఈ అని పలికే అక్షరం ఇక్కడ "ఏ". ఐ అని పలికేది ఇక్కడ "ఈ". ఇంగ్లిష్ వీ ఇక్కడ "ఫౌ", డబుల్యూ "వే", జే "యోట్". వెంకట అని పేరు చెప్పి ఊరుకుంటే జర్మన్ రిసెప్షనిస్టు దాన్ని డబుల్యూతో రాసుకుంటుంది, ఎందుకంటే వాళ్లకి "వ" శబ్దం ఆ అక్షరానిదే. రేపు డాక్టర్ దగ్గర నీ ఫైలు దొరకదు. "ఫౌ, ఏ, ఎన్, కా, ఆ, టే, ఆ" అని గడగడా చెప్పగలిగేదాకా సాధన చేయి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు బారెడు ఉంటుంది, కొందరికి పేరు, ఇంటిపేరు తారుమారై ఉంటాయి. "ఫోర్‌నామె" అంటే పేరు, "నాఖ్‌నామె" అంటే ఇంటిపేరు అన్నది ఏ1.1 మొదటి పాఠంలోనే వస్తుంది. సిటీ ఆఫీసులో చిరునామా రిజిస్టర్ చేసుకునేటప్పుడే పనికొస్తుంది.

రెండో వారం అంకెలు. 23ని వాళ్లు "డ్రై-ఉన్ట్-ట్స్వాన్ట్సిష్" అంటారు, అంటే మూడూ-ఇరవై. మనం ముందు ఇరవై విని తర్వాత మూడు వినే అలవాటులో ఉంటాం. "డ్రై" వినపడగానే చేయి 3 రాసేస్తుంది, కాగితం మీద 32 అవుతుంది. క్లాసులో నవ్వుకుంటాం గానీ మ్యూనిక్ మెయిన్ స్టేషన్‌లో 23వ ప్లాట్‌ఫామూ ఉంది, 32వ ప్లాట్‌ఫామూ ఉంది. 32 పక్క విభాగంలో ఉంటుంది, బ్యాగులతో పరిగెత్తేసరికి రైలు వెళ్లిపోతుంది. పైగా ప్లాట్‌ఫామ్ మార్పులు ఆఖరి నిమిషంలో మైకులో చెబుతారు. ఫోన్ నంబర్లు కూడా చాలామంది జతలు జతలుగా చెబుతారు. దీనికి చిట్కా ఏమీ లేదు, వింటూ రాయాలి. రోజూ పది రెండంకెల సంఖ్యలు ఎవరితోనైనా చెప్పించుకుని రాయి. రెండో అంకెని ముందు వేసి, ఎడమవైపు ఖాళీ వదిలి మొదటి అంకెని తర్వాత పూరించే అలవాటు కొందరికి బాగా పనిచేస్తుంది. టైమ్ మాత్రం మనకి తిరకాసే. "హాల్ప్ డ్రై" అంటే మూడున్నర కాదు, రెండున్నర. మూడు వైపు సగం నడిచినట్టు. అపాయింట్‌మెంట్‌కి గంట ఆలస్యంగా వెళ్లి "కొత్త టెర్మీన్ (అపాయింట్‌మెంట్) తీసుకోండి" అనిపించుకున్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

ఇక నాకు ఇష్టమైన సంగతి. మనవాళ్లు జర్మన్‌ని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకోబోతారు. పుస్తకంలో వివరణలు, యాప్ అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి. చాలాచోట్ల తెలుగు మీదుగా వెళితే దారి దగ్గర. "నాకు చలిగా ఉంది" అనడానికి ఇంగ్లిష్ నుంచి వచ్చినవాడు "ఇష్ బిన్ కాల్ట్" అంటాడు. అది తప్పు, నేను కఠినమైన మనిషిని అన్నట్టు వినిపిస్తుంది. సరైనది "మియర్ ఇస్ట్ కాల్ట్". "మియర్" అంటే అచ్చంగా మన "నాకు". అలాగే "డాస్ గెఫెల్ట్ మియర్" అంటే అది నాకు నచ్చుతుంది. "మియర్ టూట్ డెర్ కోప్ఫ్ వే" అంటే నాకు తలనొప్పిగా ఉంది. క్లాసులో స్పెయిన్ వాళ్లు, చైనా వాళ్లు డాటివ్ విభక్తి అనగానే తల పట్టుకుంటారు. నువ్వు పుట్టినప్పటి నుంచి "కి, కు" అంటూనే ఉన్నావు. ఎవరికి ఇచ్చావు అంటే డాటివ్, ఎవరిని చూశావు అంటే అకుజాటివ్. చిన్నప్పుడు బళ్లో విభక్తులు బట్టీ పట్టినందుకు ఇన్నాళ్లకి ఒక ప్రయోజనం.

దీర్ఘాలు, హ్రస్వాలు కూడా మనకి కలిసొస్తాయి. "ష్టట్" అంటే నగరం, "ష్టాట్" అంటే రాజ్యం. ఆ తేడా చెవికి పట్టక చాలామంది అవస్థ పడతారు. పడు, పాడు అని తేడాగా పలికే మనకి అదేం పెద్ద విషయం కాదు. వాక్యం చివర క్రియ రావడం కూడా అంతే. "వైల్ ఇష్ హొయ్టె కైనె ట్సైట్ హాబె" అనే వాక్యంలో క్రియ "హాబె" చివర ఉంది, ఇవాళ నాకు టైమ్ లేదు కాబట్టి అన్నట్టు. ఇలాంటివి ఏ2 దగ్గర ఎక్కువ వస్తాయి. అందరూ అక్కడ వేగం తగ్గించుకుంటారు, నువ్వు పెంచుకోవచ్చు. నువ్వు, మీరు తేడా "డూ", "జీ" లో ఉంది. క్లాస్‌మేట్స్‌ని డూ అనాలి, ఆఫీసులో క్లర్కుని జీ అనాలి. మనకి మరీ వివరించి చెప్పక్కర్లేదు.

కష్టాలు లేవని కాదు. ప్రతి నామవాచకం ముందు దాని లింగాన్ని బట్టి డెర్ (పుం), డీ (స్త్రీ), డాస్ (నపుంసక) వస్తాయి, వీటికి అడ్డదారి లేదు. అమ్మాయికి నపుంసక లింగం, "డాస్ మేడ్షెన్". ఇది విని మిగతా దేశాలవాళ్లు ఆశ్చర్యపోతారు గానీ, "అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది" అని రెండిటికీ ఒకే క్రియ వాడే మనం మరీ అంత ఆశ్చర్యపోనక్కర్లేదు. కొన్ని తోకలు గుర్తు పెట్టుకుంటే కొంత బరువు తగ్గుతుంది. "ఉంగ్", "హైట్", "కైట్", "షాఫ్ట్", "ట్సియోన్" తో ముగిస్తే డీ. "షెన్" తో ముగిస్తే డాస్. మిగతావి పదంతో పాటే నేర్చుకోవాలి. నోట్‌బుక్‌లో "టిష్ = బల్ల" అని రాయకు, "డెర్ టిష్, డీ టిషె" అని లింగం, బహువచనం కలిపి రాయి. ఇది మొదటి రోజు నుంచి చేసినవాళ్లకీ, ఏ2కి వచ్చాక వెనక్కి వెళ్లి లింగాలు బట్టీ పట్టేవాళ్లకీ మధ్య నేను చూసిన తేడా చాలా ఎక్కువ. అకుజాటివ్‌లో డెర్ కాస్తా డెన్ అవుతుంది, డాటివ్‌లో డెమ్ అవుతుంది. లింగం తెలియకపోతే ఈ మార్పులేవీ చేయలేవు, వాక్యం మొత్తం గుడ్డిగా రాయాల్సిందే.

ఉచ్చారణలో "యూ" మీద రెండు చుక్కల అక్షరం ఒక్కటి పని పెడుతుంది. "ఈ" అని పలుకుతూ ఉండు, నాలుక కదపకుండా పెదవులు మాత్రం "ఊ" అన్నట్టు గుండ్రంగా చేయి. వచ్చే శబ్దం అదే. నేను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్న జర్మన్ అంతా దగ్గరి పోలికే. నోట్సులో మాత్రం ఇలా రాసుకోవడం రెండు వారాలకు మించి చేయొద్దు, స్పెల్లింగ్ దెబ్బతింటుంది. జర్మన్ స్పెల్లింగ్ ఇంగ్లిష్ లాంటిది కాదు, నియమాలు పట్టుబడితే కొత్త పదాన్ని కూడా దాదాపు సరిగ్గా చదవగలవు.

సీనియర్ల మాటలో నిజం లేకపోలేదు. మొదటి సెమిస్టర్ గట్టిదే. ఇల్లు వెతుక్కోవడం, బ్యాంకు, ఇన్సూరెన్స్, చలి, ఐదింటికే చీకటి, పైన సబ్జెక్టులు. ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది. కానీ మనవాళ్లు వదిలేది ఎప్పుడూ జర్మన్‌నే, పార్ట్‌టైమ్ పనిని మాత్రం వదలరు. లోన్ టెన్షన్ నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోమనను. అయితే బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి నెలనెలా కొంత తీసుకునే ఖాతా) మొదటి ఏడాది ఖర్చుకి సరిపడా వేసే వస్తావు కదా. 2024 సెప్టెంబర్ నుంచి ఉన్న లెక్క ప్రకారం 11,904 యూరోలు, నెలకి 992 చొప్పున. ఖరీదైన నగరం కాకపోతే మొదటి నాలుగైదు నెలలు దానితో నెట్టుకురావచ్చు. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చని చట్టం ఇచ్చింది, ఆ 140నీ మొదటి సెమిస్టర్ నుంచే వాడేయాలని ఎక్కడా లేదు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా జర్మన్‌కి ఇచ్చి, మార్చి తర్వాత పని వెతుక్కుంటే గోడౌన్ పని బదులు నీ సబ్జెక్టుకి దగ్గరగా ఉండే వెర్క్‌ష్టుడెంట్ (చదువుతూ కంపెనీలో చేసే పార్ట్‌టైమ్) ఉద్యోగానికి అప్లై చేసే ధైర్యం వస్తుంది. ఏ1తో అది వస్తుందని హామీ ఇవ్వను. ఏ2 నడుస్తోందని రెజ్యూమెలో ఉంటే మాత్రం ఇంటర్వ్యూ దాకా పిలుస్తారు, ఇది పదేపదే చూశాను.

పరీక్ష గురించి ఎక్కువ భయపడకు. యూనివర్సిటీ ఏ1.1 పరీక్షలో సాధారణంగా వినడం, చదవడం, చిన్న ఉత్తరం, కొన్ని గ్రామర్ ఖాళీలు ఉంటాయి, కొన్నిచోట్ల కాసేపు మాట్లాడిస్తారు. క్లాసుకి వెళ్లి వర్క్‌బుక్ అభ్యాసాలు చేసినవాళ్లు ఫెయిలవడం అరుదు. గోథె ఏ1 పరీక్ష ఇంతకంటే వేరు. అందులో వినడం 20 నిమిషాలు, చదవడం 25, రాయడం 20, చివర కొందరిని కలిపి కూర్చోబెట్టి పావుగంట మాట్లాడిస్తారు. 100కి 60 వస్తే పాస్. రాయడంలో ఒక ఫారం నింపి, దాదాపు ముప్పై మాటల చిన్న సందేశం రాయాలి. నీకు ఇప్పుడు ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. యూనివర్సిటీ మార్కుల కాగితం నీ రెజ్యూమెకి, తర్వాతి స్థాయికి సరిపోతుంది. ఫారినర్స్ ఆఫీసులో శాశ్వత నివాసానికి పెట్టేటప్పుడు మాత్రం గోథె, టెల్క్ లాంటి గుర్తింపు ఉన్న పరీక్షల కాగితమే అడిగే అవకాశం ఎక్కువ. డబ్బు పెట్టి రాయాల్సింది బి1 దగ్గర, ఒక్కసారే.

క్లాసు బయట ఏం చేయాలో రెండు మాటలు. లాంగ్వేజ్ సెంటర్‌లో టాండెమ్ అని ఉంటుంది, జర్మన్ విద్యార్థి ఒకరు నీతో జర్మన్ మాట్లాడతారు, బదులుగా నువ్వు నీ భాష నేర్పాలి. తెలుగు ఎవరు అడుగుతారని ఊరుకోకు. ఇంగ్లిష్ ప్రాక్టీస్ కోసం వచ్చేవాళ్లు ఉంటారు, ఇండియా వెళ్లబోతూ నాలుగు మాటలు నేర్చుకుందామనుకునేవాళ్లూ తగులుతారు. మెన్సాలో (యూనివర్సిటీ క్యాంటీన్) కౌంటర్ దగ్గర వేలు చూపించడం మానేసి పేరు చెప్పి అడుగు. సూపర్ మార్కెట్ క్యాషియర్ చివర్లో ఏదో గబగబా అంటుంది, చాలాసార్లు అది "బిల్లు కావాలా" అన్న ప్రశ్నే. అవతలివాళ్లు ఇంగ్లిష్‌లోకి మారితే "ఇష్ లెర్నె డాయిచ్" (నేను జర్మన్ నేర్చుకుంటున్నాను) అని నవ్వుతూ చెప్పు, ఎక్కువమంది మళ్లీ జర్మన్‌లోకి వచ్చి నెమ్మదిగా మాట్లాడతారు. ఇంటికి వచ్చే ఉత్తరాలన్నీ జర్మన్‌లోనే ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీసి అనువాదం చూడటానికి ముందు తేదీ, డబ్బు, గడువు ఈ మూడూ నువ్వే వెతికి పట్టుకో. నెలకి 18.36 యూరోల రేడియో-టీవీ రుసుము ఉత్తరం మొదటి నెలల్లోనే వస్తుంది, సాధనకి అదే మంచి పాఠం. ఫ్లాట్‌లో ఎంతమంది ఉన్నా ఇంటికి ఒక్కరు కడితే చాలు కాబట్టి రూమ్మేట్స్ ఎవరైనా కడుతున్నారేమో కనుక్కుని జవాబు రాయి.

ఒక్క సందర్భంలో మాత్రం మొదటి సెమిస్టర్‌లో వద్దంటాను. నీ అడ్మిషన్ లెటర్‌లో షరతులు ఉండి, ఫలానా సబ్జెక్టులు మొదటి ఏడాదిలోనే పాసవ్వాలని రాసి ఉంటే, ఆ క్లాసులు జర్మన్ క్లాసు టైమ్‌తో తగులుతుంటే, షరతులే ముందు. అప్పుడు కూడా మార్చిలో ఏ1.1 ఇంటెన్సివ్ ఉంటే దానికి ఇప్పుడే గుర్తు పెట్టుకో. కొన్ని సెంటర్లు సాయంత్రం బ్యాచ్, ఆన్‌లైన్ బ్యాచ్ కూడా పెడతాయి. యూనివర్సిటీలో ఏదీ కుదరకపోతే ఊళ్లో ఫోక్స్‌హోఖ్‌షూలె అని ఇందాక చెప్పిన వయోజన విద్యా కేంద్రం ఉంటుంది, ప్రైవేటు వాటికన్నా ఫీజు తక్కువ.

ఏ యూనివర్సిటీ, ఏ ప్రోగ్రామో రాస్తే దాని నిబంధనల పీడీఎఫ్‌లో భాషా కోర్సుల గురించి ఏముందో చూసి చెబుతాను. ఆ లోపు లాంగ్వేజ్ సెంటర్ పేజీలో రిజిస్ట్రేషన్ తేదీ పడిందో లేదో చూడు.